ఓపియాయిడ్ మందుల ఎంపిక: మందునూ పర్యవేక్షణనూ కలిపి పోల్చి చూడటం

పది మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్రను నాలుగు గంటలకొకటి చొప్పున ఇద్దరు రోగులకు రాశారనుకుందాం. ఇద్దరి వయసూ బరువూ ఒకటే, నొప్పి తీవ్రతా ఒకటే. తేడా అల్లా, ఒకరి మూత్రపిండాలు చక్కగా పనిచేస్తున్నాయి, రెండో వారి మూత్రపిండాల వడపోత నిమిషానికి 20 మిల్లీలీటర్లకు పడిపోయింది. మొదటి రోజు సాయంత్రానికి ఇద్దరూ హాయిగానే ఉంటారు. అయితే మార్ఫిన్ కాలేయంలో మారగా ఏర్పడే మార్ఫిన్-6-గ్లూకురోనైడ్ అనే పదార్థం మూత్రం ద్వారానే బయటికి పోవాలి కనుక, రెండో రోగి శరీరంలో అది రోజురోజుకూ పేరుకుంటుంది. కొన్ని రోజుల్లోనే మగత, కండరాలు ఉన్నట్టుండి ఎగిరిపడటం, ఆపైన ఊపిరి మందగించడం మొదలవుతాయి. చీటీలో రాసిన మోతాదు పుస్తకం ప్రకారం సరైనదే. ఆ మందును ఆ రోగికి ఎంచుకోవడంలోనూ, ఎంచుకున్న తర్వాత మూడో రోజున ఎవరూ వెళ్లి చూడకపోవడంలోనూ ఉంది పొరపాటు.

ఓపియాయిడ్లను, అంటే మార్ఫిన్ కుటుంబానికి చెందిన నొప్పి మందులను, పోల్చేటప్పుడు చాలామంది ముందుగా అడిగేది ఏది బలమైనది, ఏది బలహీనమైనది అని. నా దృష్టిలో ఆ ప్రశ్న అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే తగిన మోతాదులో ఇస్తే దాదాపు అన్నీ నొప్పిని తగ్గిస్తాయి, మోతాదు మించితే దాదాపు అన్నీ ఊపిరిని అణచివేస్తాయి. ఎంపికను తేల్చవలసిన ప్రశ్న వేరు: ఈ మందుతో ఈ రోగికి ఏ కీడు జరిగే అవకాశం ఉంది, అది జరగబోతున్నట్టు ఎవరు, ఎన్ని గంటల్లో లేదా ఎన్ని రోజుల్లో గుర్తించగలరు? ఈ వ్యాసం మందులు రాసే వైద్యులను, వాటిని అందించే ఫార్మసిస్టులను, రోగి పక్కన ఉండే నర్సులను ఉద్దేశించినది. ఇంట్లో రోగిని చూసుకునేవారు దీన్ని చదివి తమ వైద్యుణ్ణి మరింత సూటిగా ప్రశ్నించగలిగితే మంచిదే కానీ, ఇక్కడి అంకెలను పట్టుకుని మోతాదులను సొంతంగా మార్చుకోకూడదు.

మొదటి పోలిక: ఓపియాయిడ్ కావాలా, అక్కరలేదా

మూత్రపిండంలో రాయి, బెణుకు, పంటి నొప్పి వంటి వాటికి ఓపియాయిడ్ రాయడం చాలాచోట్ల అలవాటుగా మారింది. ఈ నొప్పుల్లో వాపును తగ్గించే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి మందులే మొదటి వరుసలో నిలుస్తాయి. 2017లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, చేతులకో కాళ్లకో దెబ్బ తగిలి అత్యవసర విభాగానికి వచ్చిన 416 మందిలో కొందరికి 400 మిల్లీగ్రాముల ఇబుప్రోఫెన్‌ను 1,000 మిల్లీగ్రాముల పారసెటమాల్‌తో కలిపి ఇచ్చారు, మిగిలినవారికి పారసెటమాల్‌తో ఆక్సికోడోన్‌ను గానీ హైడ్రోకోడోన్‌ను గానీ కొడీన్‌ను గానీ కలిపి ఇచ్చారు. రెండు గంటల తర్వాత నొప్పి తగ్గుదలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కొత్తగా వచ్చిన నడుము నొప్పికీ మెడ నొప్పికీ ఆక్సికోడోన్‌ను ఉత్తుత్తి మాత్రతో పోల్చిన 2023 నాటి ఆస్ట్రేలియా ప్రయోగంలో ఆరు వారాల తర్వాత ఓపియాయిడ్ వల్ల అదనపు ప్రయోజనం తేలలేదు. దీర్ఘకాలపు నడుము నొప్పి, తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల ఉన్న 240 మందిని ఏడాది పాటు గమనించిన 2018 నాటి అమెరికా ప్రయోగంలో, ఓపియాయిడ్లు తీసుకున్నవారు రోజువారీ పనులను మిగిలినవారికంటే మెరుగ్గా చేసుకోలేకపోయారు, మందుల వల్ల కలిగే ఇబ్బందులు మాత్రం వారిలోనే ఎక్కువ కనిపించాయి.

నరాల నుంచి పుట్టే మంట, తిమ్మిరి, కరెంటు షాక్ కొట్టినట్టు ఉండే నొప్పికి అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్ ముందు రావాలి. ముఖంలో మెరుపులా వచ్చే ట్రైజెమినల్ నొప్పికి కార్బమజెపిన్ రావాలి. మైగ్రేన్‌కు ఓపియాయిడ్ ఎంచుకోవడాన్ని నేను సమర్థించలేను. నెలలో పది రోజులు, అంతకు మించి వాడుతూపోతే మందే తలనొప్పికి కారణమయ్యే స్థితి వస్తుంది, దాన్నుంచి బయటపడటం అసలు మైగ్రేన్‌ను భరించడం కంటే కష్టం.

అయితే ఈ వాదనను ఒకవైపే లాగకూడదు. వాపు మందులు కూడా అమాయకమైనవేమీ కావు. గుండె వైఫల్యం, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండ్లు ఉన్న వృద్ధులకూ, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికీ రోజూ డైక్లోఫెనాక్ ఇవ్వడం కంటే, దగ్గరుండి గమనిస్తూ తక్కువ మోతాదు ఓపియాయిడ్ ఇవ్వడమే కొన్నిసార్లు తక్కువ ప్రమాదకరం. క్యాన్సర్ నొప్పి, పెద్ద శస్త్రచికిత్స, కాలిన గాయాలు, జీవిత చివరి దశలో వచ్చే ఆయాసం, ఇలాంటి చోట మార్ఫిన్ ఇవ్వడానికి వెనకాడటం జాగ్రత్త అనిపించుకోదు, అది రోగిని నొప్పికి వదిలేయడమే. మాదకద్రవ్యాలను అదుపు చేయడానికి పుట్టిన 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక సైతం, నొప్పినీ బాధనూ తగ్గించడానికి ఈ మందుల వైద్య వినియోగం అనివార్యమని తన పీఠికలోనే ప్రకటించింది.

బలహీనమన్న పేరున్న మందులు, తక్కువ మోతాదు మార్ఫిన్

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల నిచ్చెనను సూచించింది. మొదటి మెట్టులో పారసెటమాల్, వాపు మందులు, రెండో మెట్టులో కొడీన్ వంటి బలహీన ఓపియాయిడ్లు, మూడో మెట్టులో మార్ఫిన్ ఉంటాయి. ఆ రెండో మెట్టు మీద ఉన్న మందులను సురక్షితమైనవిగా భావించే అలవాటు మనలో బలంగా నాటుకుపోయింది. దాన్ని పునఃపరిశీలించాలి.

కొడీన్ తనంతట తానుగా చేసేది తక్కువ. కాలేయంలోని సివైపీ2డీ6 అనే ఎంజైమ్ దాన్ని మార్ఫిన్‌గా మార్చాలి. ఆ ఎంజైమ్ జన్యుపరంగా పనిచేయనివారికి కొడీన్ వల్ల ఉపశమనం ఉండదు. అది అతి వేగంగా పనిచేసేవారిలో మామూలు మోతాదే ఒక్కసారిగా ఎక్కువ మార్ఫిన్‌గా మారి ఊపిరిని ఆపగలదు. టాన్సిల్స్ తీసిన తర్వాత కొడీన్ ఇచ్చిన పిల్లల్లో మరణాలు సంభవించాకే, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో పన్నెండేళ్ల లోపు పిల్లలకు నొప్పి నివారణ కోసం కొడీన్‌నూ ట్రమడాల్‌నూ ఇవ్వకూడదని, టాన్సిల్స్, అడినాయిడ్ల శస్త్రచికిత్స తర్వాత పద్దెనిమిదేళ్ల లోపువారికి ట్రమడాల్ కూడా ఇవ్వకూడదని కట్టడి చేసింది. అటువంటి శస్త్రచికిత్సల తర్వాత కొడీన్ మీద నిషేధం అప్పటికే ఉంది. పాలిచ్చే తల్లులకు కూడా ఈ రెండూ తగవు. ఎవరి ఎంజైమ్ ఎలా పనిచేస్తుందో ముఖం చూసి చెప్పలేం కనుక, కొడీన్ రాసే ప్రతిసారీ వైద్యుడు తనకు తెలియని మోతాదును రాస్తున్నట్టే.

ట్రమడాల్ రెండు పనులు చేస్తుంది. ఓపియాయిడ్లు అంటుకుని పనిచేసే గ్రాహకాలనే స్థానాల మీద పనిచేస్తూనే, నరాల మధ్య సందేశాలు మోసే సెరొటోనిన్, నార్‌అడ్రినలిన్‌లను కూడా పెంచుతుంది. అందుకే మూర్ఛలు ఉన్నవారికి అది మంచి ఎంపిక కాదు. రోజుకు 400 మిల్లీగ్రాములు దాటితే లేనివారిలో కూడా మూర్ఛ రావచ్చు. డిప్రెషన్‌కు ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ వాడుతున్నవారిలో రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. ఆ మందులు పైన చెప్పిన ఎంజైమ్‌ను అడ్డుకుని ట్రమడాల్ నొప్పి తగ్గించే శక్తిని కోసివేస్తాయి, అదే సమయంలో సెరొటోనిన్ హద్దు మీరే ప్రమాదాన్ని పెంచుతాయి. నొప్పి తగ్గలేదని రోగి మరో మాత్ర వేసుకుంటే వణుకు, జ్వరం, ఒళ్లు బిగుసుకుపోవడం కనిపిస్తాయి. టపెంటడాల్‌కు ఈ ఎంజైమ్‌తో పని లేదు, సెరొటోనిన్ మీద దాని ప్రభావమూ తక్కువ. అందువల్ల ఈ వర్గంలో మందు తప్పనిసరైతే, ఫలితాన్ని కొంత ముందుగా అంచనా వేయగలిగినది అదేనని నేను భావిస్తాను.

ఇక మధ్యస్థమైన క్యాన్సర్ నొప్పికి బలహీన ఓపియాయిడ్ మేలా, తక్కువ మోతాదు మార్ఫిన్ మేలా అన్న ప్రశ్నకు 2016లో 240 మంది రోగులతో జరిగిన ఇటలీ ప్రయోగం స్పష్టమైన జవాబిచ్చింది. నొప్పి కనీసం 20 శాతం తగ్గినవారు మార్ఫిన్ వర్గంలో 88 శాతం ఉండగా, బలహీన ఓపియాయిడ్ల వర్గంలో 58 శాతం మాత్రమే ఉన్నారు, మార్ఫిన్ వర్గంలో దుష్ప్రభావాలు ఎక్కువేమీ కాలేదు. మూత్రపిండాలు బాగున్న రోగికి రెండో మెట్టును వదిలేసి తక్కువ మోతాదు మార్ఫిన్‌తో మొదలుపెట్టడమే నా సలహా. మార్ఫిన్ మోతాదు ఎంతో మనకు కచ్చితంగా తెలుసు, దాని కాలపరిమితి తెలుసు, అదుపు తప్పితే, ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నలాక్సోన్‌తో వెనక్కు తీసుకురావడం సాధ్యమని తెలుసు.

పారసెటమాల్‌తో కలిపిన మాత్రల గురించి ఒక్క మాట. రెండు మందులు ఒకే మాత్రలో ఉంటే మింగడం తేలికే. కానీ నొప్పి పెరిగినప్పుడు రోగి మాత్రల సంఖ్యను పెంచుతాడు, దాంతో పారసెటమాల్ తెలియకుండానే రోజుకు నాలుగు గ్రాముల హద్దు దాటుతుంది. విడివిడిగా రాస్తే ఆ ఇబ్బంది ఉండదు.

మార్ఫిన్, ఆక్సికోడోన్, ఫెంటనిల్, బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్

రోజువారీ ఆచరణలో ఈ అయిదింటి మధ్యే అసలైన ఎంపిక జరుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మార్ఫిన్, కొడీన్ వద్దు. పెథిడిన్ అయితే అసలే వద్దు, దాని నుంచి ఏర్పడే నార్‌పెథిడిన్ పేరుకుని మూర్ఛలు తెప్పిస్తుంది. ఆక్సికోడోన్‌ను మోతాదు తగ్గించి, వ్యవధి పెంచి వాడవచ్చు. ఫెంటనిల్, బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ ఈ విషయంలో మేలైనవి, ఎందుకంటే వాటి పని చేసే భాగాలు మూత్రపిండాల మీద అంతగా ఆధారపడవు. ఫెంటనిల్‌ను సివైపీ3ఏ4 అనే మరో ఎంజైమ్ విచ్ఛిన్నం చేస్తుంది కనుక, దాన్ని వాడుతున్న రోగికి వేరెవరో క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌ను, కీటోకొనజోల్ వంటి ఫంగస్ మందును రాస్తే, ఫెంటనిల్ మోతాదు మారకుండానే రక్తంలో దాని స్థాయి పెరిగిపోతుంది. ఈ సంగతిని మొదట పట్టుకోగలిగినవారు ఫార్మసిస్టులే.

ఫెంటనిల్ పట్టీ సౌకర్యంగా కనిపిస్తుంది. మూడు రోజులకొకసారి చర్మానికి అంటిస్తే చాలు, మాత్రలు మింగలేనివారికి వరం లాంటిది. ఆ సౌకర్యమే దాని ప్రమాదం కూడా. గంటకు 25 మైక్రోగ్రాములు విడుదల చేసే పట్టీ రోజుకు దాదాపు 60 మిల్లీగ్రాముల నోటి మార్ఫిన్‌తో సమానం; ఓపియాయిడ్ అలవాటు లేని శరీరానికి దాన్ని అంటించడం ప్రాణాంతకం కావచ్చు. అంటించిన తర్వాత పూర్తి ప్రభావం రావడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది, తీసేసిన తర్వాత కూడా చర్మంలో నిల్వ ఉన్న మందు చాలా గంటల పాటు రక్తంలోకి వస్తూనే ఉంటుంది. అంటే నొప్పి గంటగంటకూ మారుతున్న రోగికి, నిన్న శస్త్రచికిత్స జరిగిన రోగికి అది తగదు. జ్వరం, వేడినీటి సంచి, విద్యుత్ దుప్పటి పట్టీలోంచి మందును వేగంగా లాగుతాయి. వాడేసిన పట్టీలో ఇంకా గణనీయంగా మందు మిగిలి ఉంటుంది కనుక, అంటుకునే వైపు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లలకు అందకుండా, ఆయా దేశాల నియమం ప్రకారం వదిలించుకోవాలి. కొత్త పట్టీ అంటించే ముందు పాతదాన్ని తీశారో లేదో వీపు మీద కూడా వెతికి చూడాలి.

బ్యూప్రెనార్ఫిన్ గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది గానీ దాన్ని పూర్తిగా తెరవదు. అందువల్ల ఒంటరిగా వాడినప్పుడు, ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ఊపిరి మీద దాని ప్రభావం అదే నిష్పత్తిలో పెరగదు. మూత్రపిండాల జబ్బు ఉన్న వృద్ధులకు, దీర్ఘకాలం మందు తప్పనిసరైనవారికి, పర్యవేక్షణ పలచగా ఉండే చోట దీన్ని ముందుగా ఆలోచించమంటాను. రెండు హెచ్చరికలు మాత్రం మరవకూడదు. నిద్రమాత్రలతో, మద్యంతో కలిస్తే ఆ రక్షణ కరిగిపోతుంది. ఇప్పటికే మార్ఫిన్ వంటి పూర్తి స్థాయి ఓపియాయిడ్ వాడుతున్నవారికి సరైన విరామం లేకుండా ఎక్కువ మోతాదులో ఇస్తే, అది పాత మందును గ్రాహకాల నుంచి ఒక్కసారిగా తోసేసి తీవ్రమైన ఉపసంహరణ బాధలను, అంటే అలవాటైన మందు హఠాత్తుగా ఆగినప్పుడు కలిగే బాధలను, తెచ్చిపెడుతుంది.

మెథడోన్ దీనికి పూర్తిగా భిన్నమైనది. నొప్పి మీద దాని ప్రభావం ఆరేడు గంటలకు తగ్గిపోతుంది, శరీరంలో సగానికి తగ్గడానికి మాత్రం ఎనిమిది గంటల నుంచి 59 గంటల వరకూ పట్టవచ్చు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న అగాధంలోనే మరణాలు జరుగుతాయి. రెండో రోజు నొప్పి తగ్గలేదని మోతాదు పెంచితే, మూడో రోజూ అలాగే పెంచితే, అయిదో రోజు తెల్లవారుజామున మూడు రోజుల మందూ కలిసి ఊపిరిని ఆపుతుంది. కనీసం అయిదు నుంచి ఏడు రోజులు ఆగకుండా మోతాదు పెంచకూడదు. గుండె విద్యుత్ రేఖలో క్యూటీ విరామాన్ని, అంటే ఒక్కో స్పందనకు గుండె కింది గదులు ఉత్తేజితమై మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయాన్ని, కూడా ఇది పొడిగిస్తుంది కనుక, మొదలుపెట్టే ముందు, తర్వాత కొన్ని వారాలకు ఈసీజీ తీయాలి. ఆ విరామం 500 మిల్లీసెకన్లు దాటితే మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేయాలి. దీన్ని వాడటంలో అనుభవం ఉన్నవారి సలహా అందుబాటులో లేకపోతే నొప్పి కోసం మెథడోన్ మొదలుపెట్టవద్దు.

వెంటనే విడుదలయ్యే మాత్రలా, రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలా అన్న ఎంపికలో, ఆరంభం ఎప్పుడూ మొదటి రకంతోనే జరగాలి. పొరపాటు జరిగినా నాలుగు గంటల్లో దాని ప్రభావం తగ్గుముఖం పడుతుంది, 12 గంటల మాత్రకు ఆ వెసులుబాటు లేదు. మోతాదు కుదిరిన తర్వాత, నొప్పి రోజంతా ఉండే క్యాన్సర్ రోగికి నెమ్మది మాత్రలకు మారడం సబబే. అప్పుడు మధ్యలో ఎగసే నొప్పికి రోజు మొత్తం మోతాదులో పదోవంతు నుంచి ఆరోవంతు వరకూ వెంటనే పనిచేసే మందును విడిగా రాయాలి. నెమ్మది మాత్రను విరగ్గొట్టడం, నమలడం అంటే గంటల తరబడి విడుదల కావలసిన మందంతటినీ ఒక్కసారి మింగడమే. ద్రవరూపంలో ఉన్న మార్ఫిన్ రాసేటప్పుడు మిల్లీగ్రాములతో పాటు మిల్లీలీటర్లను కూడా తప్పక రాయండి, ఎందుకంటే అయిదు మిల్లీలీటర్లకు 10 మిల్లీగ్రాములున్న సీసా, 100 మిల్లీగ్రాములున్న సీసా రెండూ వాడుకలో ఉన్నాయి. ఆ రెంటినీ తారుమారు చేసుకుంటే మోతాదు పది రెట్లు మారుతుంది.

ఏ ఓపియాయిడ్ ఎంచుకున్నా మలబద్ధకం వస్తుంది. మగతకూ వికారానికీ శరీరం కొన్ని రోజుల్లో అలవాటు పడుతుంది, దీనికి మాత్రం పడదు. సెన్నా, బిసాకోడిల్ వంటి విరేచన మందును మొదటి రోజు చీటీలోనే రాయాలి.

ఒక మందు నుంచి మరొకదానికి మారేటప్పుడు

మోతాదులను పోల్చడానికి రోజువారీ మందును నోటి మార్ఫిన్‌కు సమానమైన మిల్లీగ్రాముల్లోకి మార్చి చెప్పే పద్ధతి ఉంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022 మార్గదర్శకాల ప్రకారం ఆక్సికోడోన్‌ను 1.5తో, ట్రమడాల్‌ను 0.2తో, కొడీన్‌ను 0.15తో, టపెంటడాల్‌ను 0.4తో, మెథడోన్‌ను 4.7తో గుణించాలి. రోజుకు 40 మిల్లీగ్రాముల ఆక్సికోడోన్ అంటే 60 మిల్లీగ్రాముల మార్ఫిన్ అన్నమాట. ఈ లెక్క రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో అంచనా వేయడానికి మాత్రమే పనికివస్తుంది. పాత మందును ఈ గుణకంతో లెక్కకట్టి కొత్త మందును అదే మోతాదులో రాయడం ప్రమాదకరం, ఎందుకంటే ఒక ఓపియాయిడ్‌కు అలవాటు పడిన శరీరం మరొకదానికి అంతే అలవాటు పడి ఉండదు. లెక్కలో వచ్చిన మోతాదును కనీసం నాలుగోవంతు నుంచి సగం వరకు తగ్గించి మొదలుపెట్టి, తొలి రోజుల్లో ఫోన్‌లోనైనా పలకరించాలి. మెథడోన్‌కు మారడం ఈ లెక్కకు అందదు. అదే మార్గదర్శకం రోజుకు 50 మిల్లీగ్రాముల సమాన మోతాదు దగ్గర ఆగి ఆలోచించమంటుంది, ఆపైన పెంచే కొద్దీ ప్రయోజనం అంతగా పెరగకుండానే ప్రమాదం పెరుగుతుందని చెబుతుంది.

తోడుగా ఉన్న మందులు, నలాక్సోన్

ఓపియాయిడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆ మందు గురించే ఆలోచిస్తే సరిపోదు. ఆందోళనకూ నిద్రకూ వాడే అల్ప్రాజోలం, క్లోనజెపం, డయాజెపం వంటి బెంజోడయాజెపీన్లతో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఎంతగా పెరుగుతుందంటే, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో రెండు వర్గాల మందుల సమాచార పత్రాల్లోనూ అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చమంది. నరాల నొప్పికి ముందు రావాలని మనం చెప్పుకున్న గాబాపెంటిన్, ప్రీగాబలిన్ కూడా వృద్ధుల్లో, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో ఓపియాయిడ్లతో కలిస్తే ఇదే పని చేస్తాయని 2019లో హెచ్చరించారు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉందేమో అడగాలి, గురక గురించి పక్కన పడుకునేవారిని అడిగితేనే నిజం తెలుస్తుంది.

ఓపియాయిడ్, బెంజోడయాజెపీన్ రెండూ తప్పనిసరైనా, మోతాదు 50 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైనా, మించినా, గతంలో అతిమోతాదు జరిగి ఉన్నా, ఇంట్లో నలాక్సోన్ ఉండాలి. ముక్కులో కొట్టే స్ప్రేను శిక్షణ లేనివారు కూడా వాడగలరు. ఇంజెక్షన్ సమర్థంగా పనిచేసేదే కానీ కంగారులో చేతులు సహకరించవు. నలాక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే ఉంటుంది, మెథడోన్, నెమ్మది మాత్రలు, పట్టీల ప్రభావం అంతకంటే చాలాసేపు ఉంటుంది. అందుకే రోగి కళ్లు తెరిచాడని ఊరుకోక ఆస్పత్రికి తరలించాలి, మళ్లీ మగతలోకి జారితే మరో మోతాదు ఇవ్వాలి. ఈ స్ప్రేను రోగికి చూపించడం వల్ల ప్రయోజనం లేదు, అతనితో ఉండేవారికి చూపించాలి.

ఆస్పత్రిలో గమనించే సాధనాలు

ఆస్పత్రి మంచం మీద ఉన్న రోగి వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరును ఎక్కువమంది నమ్ముకుంటారు. రోగికి పైనుంచి ఆక్సిజన్ పెడుతున్నప్పుడు ఆ మీటరు చాలా ఆలస్యంగా హెచ్చరిస్తుంది. ఊపిరి నిమిషానికి ఆరుకు పడిపోయినా అంకె 95 దగ్గరే ఉండవచ్చు. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రఫీ ఆ లోపాన్ని ముందుగా చూపుతుంది, అయితే అది అన్నిచోట్లా ఉండదు. ఈ రెండింటికంటే ముందే కనిపించే సూచన మగత. పిలిస్తే కళ్లు తెరిచి, మాట పూర్తి కాకముందే మళ్లీ నిద్రలోకి జారుతున్న రోగికి తర్వాతి మోతాదు ఆపాలి. ఇది గుర్తించడానికి యంత్రం అక్కరలేదు, లేపి మాట్లాడించే నర్సు కావాలి. రోగే మీట నొక్కి మందు తీసుకునే పంపును ఎంచుకుంటే, ఆ మీటను రోగి తప్ప మరెవరూ, ప్రేమతోనైనా సరే, నొక్కకూడదు. మగతలో ఉన్నవాడు తానుగా నొక్కలేడన్నదే ఆ పంపులో ఉన్న రక్షణ.

క్లినిక్‌లో గమనించే సాధనాలు

బయటి రోగుల విషయంలో మొదటి సాధనం ప్రశ్నే. వారం రోజుల సగటు నొప్పి, జీవితాన్ని ఆస్వాదించడానికి అది ఎంత అడ్డు వచ్చింది, మామూలు పనులకు ఎంత అడ్డు వచ్చింది అన్న మూడు ప్రశ్నలకు పదికి మార్కులు వేయించే పద్ధతి రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ మొత్తం 30 శాతమైనా తగ్గకపోతే మందు పనిచేయడం లేదనే అర్థం, మోతాదు పెంచేముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. ఆరంభించిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో మొదటి సమీక్ష, ఆ తర్వాత మూడు నెలలకు మించని వ్యవధిలో మిగిలినవి జరగాలి. రోగికి ఎవరెవరు ఏ మందులు రాశారో చూపే ప్రభుత్వ డేటాబేస్ ఉన్నచోట ప్రతి సమీక్షలోనూ చూడటం తేలిక. అది రహస్యంగా చేసే నిఘాలా కాకుండా, రోగికి చెప్పి, అతని ముందే తెర తిప్పి చూపితే మంచిది. మాత్రలు లెక్కపెట్టడం చవకైన పద్ధతే గానీ, లెక్క సరిపోయినంత మాత్రాన వాటిని రోగే వేసుకున్నాడని తేలదు.

మూత్ర పరీక్ష దగ్గర ఎక్కువ అన్యాయం జరుగుతోంది కనుక ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. కప్పులో ముంచి అయిదు నిమిషాల్లో రంగు చూసే ఇమ్యునో పరీక్ష వేగంగా వస్తుంది, ఖర్చు తక్కువ. అయితే అందులో ఓపియేట్ గడి మార్ఫిన్‌నూ కొడీన్‌నూ పట్టుకోవడానికి చేసినది. ఫెంటనిల్, మెథడోన్, ట్రమడాల్, బ్యూప్రెనార్ఫిన్ దానికి కనిపించవు, ఆక్సికోడోన్ చాలాసార్లు తప్పించుకుంటుంది. ఫెంటనిల్ పట్టీ నిజాయితీగా వాడుతున్న రోగి పరీక్షలో ఏమీ లేదని వస్తే, మందు అమ్ముకుంటున్నాడన్న అనుమానం అతని మీద పడుతుంది. క్లోనజెపం, లోరాజెపం వాడేవారికి బెంజోడయాజెపీన్ గడిలోనూ ఇదే జరుగుతుంది. మరోవైపు గసగసాలు తిన్నవారిలో కూడా మందు ఉన్నట్టు ఓపియేట్ గడి చూపవచ్చు, కొన్ని క్వినోలోన్ యాంటీబయాటిక్‌లు కూడా అదే భ్రమ కలిగిస్తాయి. జలుబు మందులోని సూడోఎఫిడ్రిన్ ఆంఫెటమిన్ గడిని మోసగించగలదు.

ద్రవ క్రోమటోగ్రఫీతో పాటు ద్రవ్యరాశి వర్ణపటాన్ని వాడే ప్రయోగశాల పరీక్షకు రోజులు పడుతుంది, ఖర్చు ఎక్కువ, కానీ అది ఒక్కో మందునూ, దాని నుంచి ఏర్పడిన పదార్థాలనూ పేరుతో సహా చూపిస్తుంది. అలా వచ్చిన ఫలితాన్ని చదవడానికి కూడా కొంత రసాయనం తెలియాలి. కొడీన్ వాడినవారి మూత్రంలో మార్ఫిన్, హైడ్రోకోడోన్ వాడినవారిలో హైడ్రోమార్ఫోన్, ఆక్సికోడోన్ వాడినవారిలో ఆక్సిమార్ఫోన్ కనిపించడం సహజం, అవి దొంగచాటుగా తీసుకున్న మందులు కావు. నా సలహా స్పష్టం. మామూలు పరీక్షను ప్రశ్న అడగడానికి వాడండి, నిర్ణయం తీసుకోవడానికి నిర్ధారణ పరీక్షను వాడండి. మొదటి పరీక్ష ఒక్కదాని ఆధారంగా ఏ రోగికీ మందు ఆపవద్దు, ఎవరినీ క్లినిక్ నుంచి పంపేయవద్దు. పరీక్ష చేయించే ముందే, గత మూడు రోజుల్లో ఏమేమి వేసుకున్నారో అడిగి రాసుకుంటే సగం గందరగోళం తప్పుతుంది.

నిద్రమాత్రలు, ఉత్తేజకాలు

నియంత్రిత మందులంటే ఓపియాయిడ్లే కాదు కాబట్టి క్లుప్తంగా. దీర్ఘకాలపు నిద్రలేమికి జోల్పిడెం కంటే, డయాజెపం కంటే, నిద్ర అలవాట్లను క్రమంగా సరిదిద్దే ప్రవర్తనా చికిత్సే మొదటి ఎంపిక. నిద్రలో నడవడం, వాహనం నడపడం వంటి ఘటనల కారణంగా జోల్పిడెం వర్గానికి 2019లో తీవ్ర హెచ్చరిక చేర్చారు. బెంజోడయాజెపీన్లను నెలల తరబడి వాడినవారిలో వాటిని ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించడం మేలు. ఏకాగ్రత లోపానికి మిథైల్‌ఫెనిడేట్ వంటి ఉత్తేజకం రాసినప్పుడు రక్తపోటు, నాడి, పిల్లల్లో బరువూ ఎత్తూ చూస్తుండాలి. ఇంట్లో ఎవరికైనా వ్యసనం ఉంటే అటమాక్సెటిన్ ఫలితం నెమ్మదిగా వచ్చినా, దుర్వినియోగ ప్రమాదం లేని ప్రత్యామ్నాయం.

కొనసాగించడమా, తగ్గించడమా, చికిత్స మార్చడమా

ఏళ్ల తరబడి ఓపియాయిడ్ వాడుతున్న రోగి కొత్తగా మన దగ్గరికి వచ్చినప్పుడు తీసుకునే నిర్ణయమే అన్నిటికంటే బరువైనది. మొదట మూడు సంగతులను విడదీసి చూడాలి. మందుకు శరీరం అలవాటు పడటం, అంటే ఆపితే చెమటలు, విరేచనాలు, ఒళ్లునొప్పులు, నిద్రలేమి రావడం ఎవరికైనా జరుగుతుంది. అది వ్యసనం కాదు. అదే మోతాదు క్రమంగా చాలకపోవడం రెండోది, అదీ వ్యసనం కాదు. మందు మీద అదుపు కోల్పోవడం, హాని జరుగుతున్నా ఆపలేకపోవడం, జీవితంలో మిగిలినవన్నీ వెనక్కు పోవడం మూడోది. వైద్యం చేయవలసిన వ్యసనం అదే.

మందు మేలు చేస్తూ, కీడు తక్కువగా ఉంటే కొనసాగించడం న్యాయమైన నిర్ణయమే. కేవలం ఒక అంకె దాటాడన్న కారణంతో బలవంతంగా తగ్గించకూడదు. హఠాత్తుగా ఆపినవారిలో తీవ్రమైన ఉపసంహరణ, భరించలేని నొప్పి, ఆత్మహత్యలు సంభవించాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరించింది. మేలు కంటే కీడు ఎక్కువైనప్పుడు, ఏడాదికి మించి వాడినవారిలో నెలకు 10 శాతం, అంతకంటే నెమ్మదిగా తగ్గించాలి. కొన్ని వారాలే వాడినవారిలో వారానికి 10 శాతం చొప్పున తగ్గించవచ్చు. మధ్యలో ఆగవచ్చు, మళ్లీ మొదలుపెట్టవచ్చు. తగ్గించిన తర్వాత శరీరం పాత మోతాదును తట్టుకోలేదని, పాత మాత్రల పెట్టెను తెరిచి అదే మోతాదు వేసుకుంటే ప్రాణం పోతుందని రోగికీ ఇంట్లోవారికీ విడమరిచి చెప్పి, ఆ పెట్టెను ఫార్మసీకి తిప్పి పంపించాలి.

తగ్గించడం సాధ్యం కాక, కొనసాగించడం ప్రమాదమైన చోట బ్యూప్రెనార్ఫిన్‌కు మార్చడం మూడో దారి. వ్యసనమే ఉందని తేలితే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ రెండూ మరణాలను తగ్గించే చికిత్సలు. రోజూ వచ్చి కేంద్రంలో మందు తీసుకోగలవారికి, బ్యూప్రెనార్ఫిన్‌తో నిలకడ రానివారికి మెథడోన్ బాగా నిలబెడుతుంది. ఉద్యోగం, దూరం కారణంగా రోజూ రాలేనివారికి, గుండె లయ సమస్య ఉన్నవారికి బ్యూప్రెనార్ఫిన్ సరిపోతుంది. గర్భిణికి వ్యసనం ఉంటే మందు మాన్పించే ప్రయత్నం చేయకుండా ఈ రెండింట్లో ఒకటి కొనసాగించాలి, పుట్టిన బిడ్డలో వచ్చే ఉపసంహరణకు ముందే సిద్ధంగా ఉండాలి. వీటిలో ఏ దారి పట్టినా, తర్వాతి సమీక్ష తేదీనీ, ఆ తేదీ వరకే సరిపోయే మాత్రల సంఖ్యను అంకెల్లోనూ అక్షరాల్లోనూ, మగత పెరిగితే రాత్రివేళ పిలవవలసిన ఫోన్ నంబరునూ అదే చీటీలో రాసి, రోగితో వచ్చినవారి చేత ఒకసారి చదివించి పంపాలి.